తాళంచెవి పోయిన కథలు

పోయిన కార్తీకంలో చిత్తూరు నుంచి ఒకామె ఫోన్ చేసింది.

"అన్నా, మా నాయన పుస్తకం మీరే కదా చేసింది? ఇంకోసారి అచ్చేయించాలనుకుంటా ఉండాం. ఫైలు మీకాడ ఉందా?"

ఉంది. 2009లో తిరుపతి బాలాజీ కాలనీలో, యూనివర్సిటీకి దగ్గర్లో ఉన్న నా డీటీపీ సెంటర్‌లో నేనే కంపోజ్ చేసిన పుస్తకం. 21 కథలు, 144 పేజీలు. రాసినాయన రిటైరైన అయ్యవారు. పాకాల, పూతలపట్టు చుట్టుపక్కల పల్లెల మాటని చెవితో పట్టుకుని కాగితం మీద పెట్టిన మనిషి. 500 కాపీలు సొంత డబ్బుతో వేయించుకున్నాడు. సగం పంచిపెట్టాడు, సగం అటక మీద పెట్టాడు. నాలుగేళ్ల కిందట పోయాడు.

"ఫైలు ఉందమ్మా. రెండు రోజుల్లో పంపిస్తా" అన్నాను.

"అట్లనే పంపిస్తే కాదన్నా. నాయన ఒక కాపీలో ఎర్రసిరాతో తప్పులు దిద్ది పెట్టుకున్నాడు. మొత్తం 37. అవన్నీ దిద్ది ఇయ్యాల."

అక్కడ మొదలైంది ఈ వ్యాసం.

సెంటర్ మూసేసేటప్పుడు ఇంటికి తెచ్చుకున్న పాత కంప్యూటర్ ఒకటి మంచం కింద ఉంది. ఎక్స్‌పీ ఇంకా నడుస్తోంది. పేజ్‌మేకర్ తెరుచుకుంది. దానికి సీరియల్ నంబర్ ఒక్కటి చాలు, ఎవర్నీ ఏమీ అడగదు. సీడీలోంచి ఫైలు తీశాను. ఫాంట్లు ఉన్నాయి కాబట్టి పుస్తకం మొత్తం అట్లే కనిపించింది, మొదటి పేజీ నుంచి ఆఖరి పేజీ దాకా. దిద్దుదామని కర్సర్ పెట్టి, తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేర్ ఆన్ చేశాను. 'ఈ లైసెన్సు ఈ కంప్యూటర్‌ది కాదు' అంది.

పుస్తకం చూడొచ్చు. అందులో ఒక్క తెలుగు అక్షరం కొట్టడానికి లేదు.

*

ఈ లైసెన్సు ఫైలు అంటే ఏమిటో తెలియని అదృష్టవంతుల కోసం కొంచెం చెప్పాలి.

యూనికోడ్‌లో తెలుగుకి 1991లోనే చోటు దొరికింది. కానీ అచ్చు పుస్తకం వరకూ వస్తే ఆ తర్వాత ఇరవై ఏళ్లకు పైగా మన అక్షరాలన్నీ వేరే దారిలో నడిచాయి. అను, శ్రీలిపి లాంటి సాఫ్ట్‌వేర్లు ఇంగ్లిషు అక్షరాలుండే గదుల్లో తెలుగు ముక్కలు పెట్టుకున్నాయి: ఒక గదిలో తలకట్టు, ఒక గదిలో కొమ్ము, ఇంకో గదిలో వత్తు. ఎవరి అమరిక వారిదే. ఫాంటు తీసేస్తే మిగిలేది డాలర్ గుర్తులూ, కొక్కేలూ, అర్థం లేని ఇంగ్లిషు గీతలూ. ఈ ముక్కలన్నీ సరైన వరసలో పడేట్టు చేసే కీబోర్డు ప్రోగ్రాం ఒకటుంటుంది. తాళం వేసేది దానికి.

మొదట్లో ఆ తాళం డాంగిల్. కంప్యూటర్ వెనకాల ప్రింటర్ గుచ్చేచోట గుచ్చే చిన్న డబ్బా. అది ఉంటేనే తెలుగు పడుతుంది. రాత్రి సెంటర్ మూసేటప్పుడు కంప్యూటర్‌ని వదిలేసి డాంగిల్‌ని జేబులో పెట్టుకుని ఇంటికి పోయిన రోజులున్నాయి. ఆ తర్వాత కంప్యూటర్లకి ఆ పోర్టే లేకుండా పోయింది. యూఎస్‌బీ డాంగిళ్లు వచ్చాయి, కొన్నిచోట్ల లైసెన్సు ఫైలు వచ్చింది.

లైసెన్సు ఫైలు చూడ్డానికి చాలా అమాయకంగా ఉంటుంది. నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే నాలుగైదు లైన్లు: సాఫ్ట్‌వేర్ పేరు, వెర్షన్, మీ కంప్యూటర్ హార్డ్‌డిస్క్‌దో నెట్‌వర్క్ కార్డ్‌దో ఒక నంబర్, కింద పొడుగాటి అంకెల దండ. ఒక్క అక్షరం మారితే ఫైలు చచ్చిపోతుంది. హార్డ్‌డిస్క్ మారినా చచ్చిపోతుంది.

నేను చాలా జాగ్రత్త మనిషిని. 'లైసెన్సులు' అని ఒక ఫోల్డర్ పెట్టుకున్నాను. దానికి పెన్‌డ్రైవ్‌లో ఒక కాపీ, సీడీలో ఒక కాపీ, నాకు నేనే పంపుకున్న మెయిల్‌లో ఒక కాపీ. ఏ కంప్యూటర్‌కి ఏ ఫైలు, ఎప్పుడు కొన్నాం, బిల్లు నంబర్ ఎంత అని ఒక నోటుబుక్కు. 2013లో హార్డ్‌డిస్క్ పోయింది. కంపెనీకి బిల్లు పంపితే కొత్త ఫైలు ఇచ్చారు. 2016లో ఇంకోటి పోయింది. ఈసారి 'ఆ వెర్షన్‌కి ఇప్పుడు సపోర్ట్ లేదు, కొత్తది కొనుక్కోండి' అన్నారు. కొత్తదాని ఫాంటు అమరిక పాతదానికి సరిపోదు. నాలుగుచోట్ల దాచిన కాపీలు నాలుగూ ఉన్నాయి, ఏదీ పనికిరాలేదు. నేను అన్నేళ్లూ జాగ్రత్తగా దాచుకున్నది తాళంచెవి కాదు, తాళంచెవి ఫొటో.

ఆ కంపెనీ పేరు చెప్పను. చెప్తే గొడవంతా ఆ ఒక్క కంపెనీదన్నట్టు తయారవుతుంది. నా గొడవ వేరే వాళ్లతో.

*

ఈ సంగతి హైదరాబాద్‌లో ఉండే ఒక కవిమిత్రుడికి చెప్పాను. ఆయన వెంటనే అన్నమాట: "డీటీపీ వాళ్లంతా పైరేటెడ్ సాఫ్ట్‌వేర్లే కదా వాడేది. ఇట్లాంటివి జరక్క ఏం చేస్తాయి?"

ఈ మాటకి ముందు జవాబు చెప్పాలి. ఎందుకంటే ఇది ఆయనొక్కడి మాట కాదు.

అవును, మా వీధిలో చాలామంది క్రాక్ వాడారు. నిజం చెప్పాలంటే ఈరోజు వాళ్ల ఫైళ్లన్నీ తెరుచుకుంటాయి. అచ్చుతప్పులు దిద్దొచ్చు. డబ్బు కట్టి, బిల్లు దాచుకుని, నోటుబుక్కు రాసుకున్నవాడి ఫైలే దిద్దడానికి లేదు. క్రాక్‌ని సమర్థించడానికి ఈ మాట చెప్పడం లేదు. తెలుగు ఫాంట్లు గీసిన వాళ్ల కష్టం నాకు తెలుసు. ఒక్కో వత్తు, ఒక్కో గుణింతం చేత్తో దిద్ది కూర్చిన పని అది. ఒక కాపీ అమ్ముడుపోతే ఊరంతా దాన్నే వేసుకుంటే ఆ చిన్న కంపెనీలు ఎట్లా బతకాలి? డాంగిల్ వాళ్లకి దురాశ కాదు, కంచె. ఆ కంచె వేసుకునే హక్కు వాళ్లకుంది.

కానీ కంచె లోపల ఉన్నది వాళ్ల చేను మాత్రమే కాదు. మా అయ్యవారి కథలు కూడా ఉన్నాయి. ఇది ఎవ్వరూ మాట్లాడని సంగతి.

చట్టం ఏమంటుందో చూడండి. 1957 నాటి కాపీరైట్ చట్టంలో 'సాహిత్య రచన' అన్న మాటకిచ్చిన నిర్వచనంలోనే కంప్యూటర్ ప్రోగ్రాం కూడా ఉంది. అంటే చట్టం దృష్టిలో టైపింగ్ సాఫ్ట్‌వేరూ సాహిత్యమే, దాంతో టైప్ చేసిన కథా సాహిత్యమే. రెండూ ఒకే పంక్తిలో కూర్చున్నాయి. అయితే రచయితకి పోయిన తర్వాత కూడా 60 ఏళ్లు హక్కుంటుంది. ఆ అయ్యవారి కూతురికి ఆ కథల మీద 60 ఏళ్ల హక్కుంది. ఆ హక్కుతో ఒక్క పదం దిద్దుకోవడానికి నా దగ్గరున్న సాధనానికి మాత్రం 7 ఏళ్ల ఆయుష్షు.

అదే చట్టంలో సెక్షన్ 52 ఉంది. న్యాయంగా కొనుక్కున్నవాడు పోగొట్టుకోకుండా, పాడవకుండా ఉండటం కోసం ప్రోగ్రాం బ్యాకప్ కాపీ చేసుకోవచ్చంటుంది. 2012 సవరణలో వచ్చిన సెక్షన్ 65ఏ ఉంది. హక్కుల్ని ఉల్లంఘించే ఉద్దేశంతో తాళం పగలగొడితే రెండేళ్ల దాకా జైలంటుంది. కానీ చట్టం నిషేధించని పని కోసమైతే అడ్డులేదని కూడా అదే సెక్షన్ అంటుంది. అంటే చట్టానికి కాస్త దయ ఉంది. 'నేను ఒప్పుకుంటున్నాను' అని మనం చదవకుండా నొక్కే ఒప్పందానికి లేదు. బ్యాకప్ చేసుకోవచ్చని చట్టం చెప్తుంది, ఆ బ్యాకప్ పనిచెయ్యకుండా లైసెన్సు ఫైలు చూసుకుంటుంది. పెద్ద కోర్టుకి పోయే స్తోమత ఏ డీటీపీ ఆపరేటర్‌కుంది? పేజీకి ఇంత అని లెక్కేసుకుని బతికేవాడు సెక్షన్ నంబర్ పట్టుకుని ఎక్కడికి పోతాడు?

కాబట్టి కవిగారూ, పైరసీ పాఠం నాకు చెప్పడానికి ముందు మీ పుస్తకాలు ఏ సాఫ్ట్‌వేర్‌లో కంపోజ్ అయ్యాయో, దానికి బిల్లు ఉందో లేదో ఎప్పుడైనా అడిగారా? పేజీకి పది రూపాయలు తక్కువ తీసుకునే సెంటర్ ఎక్కడుందని అడగడం మాత్రం నేను విన్నాను.

*

రెండో మాట ఇంకా తరచుగా వినిపిస్తుంది. "యూనికోడ్ వాడొచ్చు కదా? ఇంకా ఆ పాత ఫాంట్లేంటి?"

ఫోన్‌లో పుట్టిన తెలుగుని చూసినవాళ్లకి ఈ ప్రశ్న సహజమే. కానీ 2009లో పేజ్‌మేకర్‌లో యూనికోడ్ తెలుగు పెడితే వత్తులన్నీ విడిపోయి పక్కపక్కన నిలబడేవి. పేజ్‌మేకర్ ఆఖరి పెద్ద వెర్షన్ వచ్చింది 2001లో. ఆ తర్వాత దాన్ని పట్టించుకున్నవాళ్లు లేరు. పుస్తకానికి పనికొచ్చే యూనికోడ్ ఫాంట్లు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని ఉండేవి. దేశికాచార్యులు గారి పోతన, వేమన లాంటివి ఉన్నా, వాటిని అచ్చుపనిలో వాడే సాధనం మా చేతిలో లేదు. 2012 డిసెంబర్‌లో నాలుగో ప్రపంచ తెలుగు మహాసభలు మా తిరుపతిలోనే జరిగాయి. ఊరంతా తోరణాలు, ఊరేగింపులు. ఆ రోజుల చుట్టుపక్కలే మండలి, రామభద్ర, గిడుగు, గురజాడ, సురన్న లాంటి ఫాంట్లు ఎవరైనా వాడుకోగలిగే ఓపెన్ ఫాంట్ లైసెన్సుతో వచ్చాయి. తెలుగుకి జరిగిన మంచి పనుల్లో అదొకటి. లైసెన్సు అనే మాటకి తాళం అనే అర్థం ఒక్కటే కాదని అప్పుడే నాకు తెలిసింది. ఓపెన్ ఫాంట్ లైసెన్సు కూడా లైసెన్సే. వాడుకో, మార్చుకో, పంచుకో, దాన్ని విడిగా అమ్మొద్దు అంటుంది. హార్డ్‌డిస్క్ నంబర్ అడగదు.

అయినా యూనికోడ్ వాడేస్తే గొడవ తీరిపోతుందనుకునేవాళ్లు ఒకటి గమనించాలి. మీ కథ వర్డ్‌లోనో, ఫోన్‌లోనో యూనికోడ్‌లోనే ఉంటుంది. దాన్ని పబ్లిషర్‌కి పంపిస్తారు. డీటీపీలో పాత ఫాంటులోకి మారుతుంది, లేదంటే ఇన్‌డిజైన్‌లోకి పోతుంది. ప్రూఫులు మూడుసార్లు చూస్తారు. పేరాలు తీసేస్తారు, ముగింపు మారుస్తారు, తప్పులు దిద్దుతారు. ఈ దిద్దుబాట్లన్నీ ఎక్కడ జరుగుతాయి? ఆ లేఅవుట్ ఫైలులో. మీ దగ్గరున్న యూనికోడ్ ఫైలు చిత్తుప్రతి. అసలు పుస్తకం తాళం వెనకే ఉంది.

ఆ తాళం కూడా ఇప్పుడు ఇంకా గట్టిది. 2013 నుంచి అడోబీ వాళ్లు కొత్త వెర్షన్లని అద్దెకే ఇస్తున్నారు. నెలనెలా కడితే తెరుచుకుంటుంది, మానేస్తే మూసుకుంటుంది. పేజ్‌మేకర్ ఫైళ్లని నేరుగా తెరిచిన ఆఖరి ఇన్‌డిజైన్ సీఎస్6. ఆ తర్వాత వచ్చినవాటికి పేజ్‌మేకర్ అంటే ఎవరో తెలియదు. కాబట్టి ఇది మా పాతకాలపు డీటీపీ వాళ్ల గోల అనుకోవద్దు. మీ మొదటి కవితా సంపుటి ఆఖరి ఫైలు ఈ క్షణాన ఎవరి కంప్యూటర్‌లో ఉందో చెప్పగలరా? ఆ కంప్యూటర్ యజమాని అద్దె కట్టడం మానేస్తే?

*

ఇంతకీ నా గొడవ ఎవరితో? మనతోనే. సాహిత్యం మనదని చెప్పుకునే మనందరితో.

ముఖచిత్రం ఎవరు వేశారో మనకి కావాలి. ముందుమాట ఎవరు రాశారో కావాలి. ఆవిష్కరణ సభలో వేదిక మీద ఎవరుంటారో కావాలి. పుస్తకం ఫైలు ఎవరికీ అక్కర్లేదు. ఇన్నేళ్లలో నా సెంటర్‌లో కొన్ని వందల పుస్తకాలు, సావనీర్లు, యూనివర్సిటీ థీసిస్‌లు చేశాను. 'ఆఖరి పాఠం నాకొక కాపీ ఇయ్యి' అని అడిగినవాళ్లు పదిమంది కూడా లేరు. వాళ్లలో ఎక్కువమంది థీసిస్ పిల్లలు, గైడ్ మళ్లీ మార్పులు చెప్తాడనే భయంతో అడిగినవాళ్లు.

ప్రభుత్వానికీ ఇదే చూపు. 1954 నాటి చట్టం ప్రకారం అచ్చైన ప్రతి పుస్తకం కాపీ కలకత్తా నేషనల్ లైబ్రరీకి, ఇంకొన్ని లైబ్రరీలకి పంపాలి. అది కాగితం కాలం నాటి ఆలోచన. కాగితం దాచితే పుస్తకం దాచినట్టే అప్పుడు. సీసపు అక్షరాలు వాడిన ప్రెస్సు యజమాని వాటిని కిలోల లెక్కన కొనుక్కునేవాడు. అరిగిపోతే కరిగించుకునేవాడు. ఏ అక్షరం ఎన్నాళ్లు పనిచెయ్యాలో పోతపోసినవాడు నిర్ణయించేవాడు కాదు.

మా ఊరికి ఇంకా పాత జ్ఞాపకం ఉంది. తాళ్లపాక వాళ్ల సంకీర్తనలు రెండువేలకు పైగా రాగిరేకుల మీద చెక్కి తిరుమల గుళ్లో సంకీర్తన భాండారంలో పెట్టారు. శతాబ్దాలు గడిచిపోయాయి. లోకం మర్చిపోయింది. 1920ల్లో ఆ రేకులు బయటికొచ్చాక వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ లాంటి పండితులు కూర్చుని చదివారు. చదవడానికి వాళ్లకి కావలసింది తెలుగు లిపి, ఓపిక. అంతే. రాగిరేకు ఎవరి అనుమతీ అడగలేదు. అన్ని వందల ఏళ్లు చీకట్లో ఉన్న పాట తెరవగానే పాడుకోవడానికి వచ్చింది. 2009లో కంపోజ్ చేసిన కథలో ఒక పదం 2016 తర్వాత దిద్దడానికి రాలేదు. రాతిగదిలో దాచిన పాత మనుషులు మనకంటే తెలివైనవాళ్లని నేను అనుకుంటే తప్పేముంది?

*

ఇప్పుడు ఆ 37 తప్పుల సంగతి చెప్పాలి. అందులో నా సిగ్గు కూడా ఉంది.

ఆమె ఎర్రసిరా పేజీల ఫొటోలు తీసి పంపింది. ఒక్కోటి చూస్తా పోయాను. 23 మామూలు అచ్చుతప్పులు. మిగతా 14 చూసేసరికి మంచంలోంచి లేచి కూర్చున్నాను. 'సాయంత్రం' అని ఉన్నచోట కొట్టేసి 'మాపటేళ' అని రాశాడు. 'త్వరగా' కొట్టేసి 'బిన్నా' అని రాశాడు. 'వచ్చాడు' కొట్టేసి 'వొచ్చినాడు'. అవి ఆయన తప్పులు కాదు. ఆయన చేతిరాతలో సరిగ్గానే రాసిచ్చాడు. కంపోజ్ చేస్తూ నా తెలివితో 'మంచి తెలుగు'లోకి దిద్దింది నేను. ప్రూఫు చూసేటప్పుడు ఆయన కంటికి కనబడలేదు. అచ్చయ్యాక చూసుకుని, నన్ను ఒక్క మాట కూడా అనకుండా, సొంత కాపీలో దిద్ది పెట్టుకుని పోయాడు.

అంటే ఆ 14 మాటలు నేను ఆయనకి బాకీ. ఆ బాకీ తీర్చుకోవడానికి లైసెన్సు ఫైలు ఒప్పుకోలేదు.

మొదట ఒక పాత ఉపాయం చేశాను. కొత్త అక్షరం కొట్టడానికి రాదు కానీ ఉన్న అక్షరాన్ని కాపీ చెయ్యొచ్చు. ఒక పేజీలోంచి 'మా', ఇంకో పేజీలోంచి 'ప', ఎక్కడో ఉన్న 'టే', మరెక్కడో 'ళ' తెచ్చి అతికించాను. ప్రెస్సులో కంపోజిటర్ కేసులోంచి సీసపు అక్షరాలు ఏరుకున్నట్టు. ఒక్క 'మాపటేళ'కి పది నిమిషాలు పట్టింది. ఇట్లా 37 చేస్తే ఈ ముద్రణకి సరిపోతుంది. తర్వాత ముద్రణకి నేను ఉంటానో లేదో, మంచం కింద కంప్యూటర్ ఉంటుందో లేదో.

అందుకని ఆ దారి మానేశాను. పాత ఫాంట్లని యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు కొన్ని ఉన్నాయి. నాగార్జున వెన్న గారి 'పద్మ' లాంటివి వార్తాపత్రికల ఫాంట్లని మార్చి ఎప్పుడో దారి చూపించాయి. దొరికినదాంతో మారిస్తే ముప్పాతిక వంతు బాగానే వచ్చింది. మిగతాచోట్ల వత్తులు పక్క అక్షరానికి ఎక్కాయి, రావత్తులు జారిపోయాయి. పల్లె మాటల దగ్గర ఏది కన్వర్టర్ తప్పో ఏది అయ్యవారి మాటో చెప్పడానికి ఏ యంత్రమూ లేదు. 11 రాత్రులు ఆ కూతురు ఫోన్‌లో చేతిరాత ప్రతి చదివింది, నేను ఇక్కడ దిద్దాను. ఒక్కోచోట ఆగి, "మా నాయన ఈ మాట ఇట్లనే అంటా ఉన్న్యాడన్నా" అనేది. నేను కొట్టేవాణ్ని.

ఇది గెలుపు కథ కాదు. చేతిరాత ప్రతి ఉంది కాబట్టి, కూతురుంది కాబట్టి, ఆ పుస్తకం చేసినవాడు బతికున్నాడు కాబట్టి అయింది. ఈ మూడూ లేని పుస్తకాలు తిరుపతి, చిత్తూరు వీధుల్లో మూతపడ్డ సెంటర్ల హార్డ్‌డిస్కుల్లో ఎన్నున్నాయో ఊహించుకోండి.

కాబట్టి అడగాల్సినవి అడుగుతాను. రచయితలారా, పుస్తకం ప్రెస్సుకి పోయిన రోజే ఆఖరి పాఠాన్ని యూనికోడ్‌లో, మామూలు టెక్స్ట్ ఫైలుగా అడిగి తీసుకోండి. అది ఆపరేటర్‌కి అదనపు పని, దానికి విడిగా డబ్బివ్వండి. పబ్లిషర్లారా, ఒప్పందంలో అదొక షరతుగా పెట్టండి. పుస్తకాలకి ఆర్థిక సహాయం చేసే దేవస్థానం, అకాడమీలు, విశ్వవిద్యాలయాలు కాగితం కాపీలతో పాటు ఆ పాఠాన్ని కూడా జమచెయ్యమనాలి. సాఫ్ట్‌వేర్ కంపెనీలారా, అమ్మడం మానేసిన వెర్షన్‌కి తాళం తీసేయండి. అదేమీ జరగని పని కాదు. సీఎస్2 యాక్టివేషన్ సర్వర్ మూసేసినప్పుడు అడోబీయే 2013లో పాత కొనుగోలుదారులకి యాక్టివేషన్ అక్కర్లేని కాపీ ఇచ్చింది. అంత పెద్ద కంపెనీ చెయ్యగలిగింది మీరెందుకు చెయ్యలేరు?

అయ్యవారి పుస్తకం సంక్రాంతికి ప్రెస్సుకి పోతోంది. సురన్న ఫాంటులో పెట్టాను. టెక్స్ట్ ఫైలు ఆమెకి, ఆమె కొడుక్కి, ఇంకో ముగ్గురికి పంపాను. లోపల మొదటి పేజీలో ఒక వాక్యం చేర్చమని నేనే అడిగాను: 'మొదటి ముద్రణలో రచయిత మాటలు 14 చోట్ల కంపోజ్ చేసినవాడు మార్చాడు. ఈ ముద్రణలో వాటిని వెనక్కి తెచ్చాం.'

ఆమె చదివి, "ఎందుకన్నా, నాయన మిమ్మల్ని ఏమీ అనలేదు కదా" అంది.

అనలేదు. అందుకే.